మా ఆసుపత్రిలో తప్పిపోయిన మంగళవారం

ముప్పై నాలుగేళ్ళ నర్సు ఉద్యోగంలో నేను డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళిన రోజులు మూడు. రెండు గోదావరి వరదల వల్ల, ఒకటి నా పెళ్ళి వల్ల. ఆ మూడోది కూడా పెళ్ళి మర్నాడు, నలభై నిమిషాలు మాత్రమే. గొప్ప కోసం ఇది చెప్పడం లేదు. ఇంత కచ్చితమైన మనిషి చేతిలోంచి ఒక మంగళవారం మొత్తం ఎలా జారిపోయిందో చెప్పబోతున్నాను కనుక, అది ఎంత గట్టి చేతిలోంచి జారిందో ముందు మీకు తెలియాలి.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు. మనసు బాగులేని మనిషికి దేవుడు అవసరమా, డాక్టరు అవసరమా అని. జవాబుకి బదులు నా దగ్గర 1981 మే నెల నాటి ఒక కేసు ఉంది. అదే చెబుతాను.

అప్పుడు నేను రాజోలు దగ్గర, కాలవ గట్టు మీదున్న ఒక మిషను ఆసుపత్రిలో పెద్ద నర్సుని. పన్నెండు మంచాలు, ఒక డాక్టరమ్మ గారు, ఇద్దరు చిన్న నర్సులు, ఒక ఆయమ్మ. డాక్టరమ్మ గారు మంచి వైద్యురాలు, కానీ కాగితం అంటే పడదు. రిజిస్టరు నేను రాస్తే, చదవకుండా కింద సంతకం పెట్టేవారు. ఆయమ్మకు చదువు రాదు. వార్డులో ఎక్కడ ఏముందో మాత్రం ఆవిడకే తెలుసు. గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉండేది. దాన్ని చింపే హక్కు నాది. ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకునేదాన్ని కాదు. ఉదయం ఏడింటికి రాగానే కాగితం చింపి ఉండ చుట్టి బుట్టలో వేసి, మిగిలిన అంకె చూసి రిజిస్టరులో తారీఖు వేసేదాన్ని. వారం పేరు రాసేదాన్ని కాదు. అంకె ఉంటే వారం దానికదే తెలుస్తుందని నా నమ్మకం.

మా సంఘంలో ఒక బైబిలు ఉమన్ ఉండేవారు. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి, రోగుల దగ్గర ప్రార్థన చేసే ఉద్యోగం అది. ఊరంతా ఆవిడని బైబిలమ్మ గారు అనేది. యాభై ఎనిమిదేళ్ళు, భర్త లేరు, పిల్లలు లేరు, చర్చి పక్కన ఒంటి గది. ఆవిడ ప్రార్థనకు పెద్ద పేరు. కాన్పు కష్టమైతే మా డాక్టరమ్మ గారికంటే ముందు ఆవిడకే కబురు వెళ్ళేది. కాన్పు అయ్యాక ఎవరి వల్ల అయిందని మా ఇద్దరు చిన్న నర్సులూ వాదించుకునేవారు.

మే 17 ఆదివారం, ఆరాధన చివర్లో పాస్టరు గారు బైబిలమ్మ గారిని ముగింపు ప్రార్థన చెయ్యమన్నారు. ఆవిడ లేచి, కళ్ళు మూసుకుని, "ప్రభువా" అన్నారు. తరవాత ఏమీ అనలేదు. భక్తి ఎక్కువై ఆగారనుకున్నాం. నేను గడియారం చూశాను. నిమిషం ఇరవై సెకన్లు. మా చర్చిలో అంత నిశ్శబ్దం అంతకుముందు ఎప్పుడూ లేదు. పాట పాడేవాళ్ళు తెలివిగా పాట అందుకున్నారు. ఆవిడ అలాగే కూచున్నారు.

ఆ రోజు నుంచి ప్రార్థన లేదు, నిద్ర లేదు, అన్నం లేదు. గురువారం 21న పాస్టరు గారే రిక్షాలో తీసుకొచ్చి చేర్చారు. బరువు నలభై ఎనిమిది కిలోలు. జనవరిలో మా తూకం మీదే యాభై రెండు. గుండె బాగుంది, రక్తపోటు బాగుంది, జ్వరం లేదు. డాక్టరమ్మ గారు ముప్పావు గంట పరీక్ష చేసి, నిద్రకి అర బిళ్ళ రాసి, బయటికొచ్చి నాతో అన్నారు.

"ఒంట్లో ఏమీ లేదు సిస్టర్. లోపల ఏదో ఉంది. అదేమిటో ఆవిడ చెప్పదు, నా గొట్టానికి వినపడదు."

ఇక చూడడానికి వచ్చేవాళ్ళు మొదలయ్యారు. అందరి కోసం ప్రార్థన చేసిన మనిషికి ప్రార్థన చెయ్యడానికి ఊరంతా కదిలింది. మొదటి రోజు పదకొండు మంది, రెండో రోజు పందొమ్మిది. మావాళ్ళే కాదు, అల్లవరం వైపు నుంచి చేపల బుట్టలతో వచ్చే ఆడవాళ్ళు కూడా తలగడ కింద కుంకుమ పొట్లం పెట్టి వెళ్ళారు. నేను నాడి చూడడం మొదలుపెట్టాను. సంఘ పెద్ద ఒకాయన ఇరవై మూడు నిమిషాలు ప్రార్థించారు. ముందు నాడి ఎనభై నాలుగు, తరవాత నూట పన్నెండు. ఆ చేపల ఆడవాళ్ళలో ఒకావిడ ఏమీ అనకుండా కాళ్ళు పట్టి వెళ్ళింది. ముందు ఎనభై ఆరు, తరవాత డెబ్భై ఎనిమిది.

ఇలా మూడు రోజులు లెక్క రాసి, డాక్టరమ్మ గారికి చూపించి, వార్డు గుమ్మానికి ఒక అట్ట కట్టాను. 'ప్రార్థన ఒక్కొక్కరికి మూడు నిమిషాలు' అని. నాడి చూసే గడియారం పట్టుకుని మంచం పక్కనే నిలబడేదాన్ని. సంఘ పెద్ద గారు మళ్ళీ వచ్చారు. మూడు నిమిషాలు కాగానే మెల్లిగా దగ్గాను. ఆయన కళ్ళు తెరవకుండానే, ఈ ఆసుపత్రి సిస్టరు గారికి సహనం ప్రసాదించమని ఇంకో నాలుగు నిమిషాలు ప్రార్థించారు. నాడి మళ్ళీ నూట ఎనిమిది. ఈసారి నాది.

సోమవారం 25న దుప్పటి మారుస్తుంటే తలగడ గలీబులోంచి ఒక పుస్తకం జారి కింద పడింది. నోటుపుస్తకం, చుట్టూ తెల్లగుడ్డ. తీసి ఇవ్వబోతే బైబిలమ్మ గారు పామును చూసినట్టు మంచం చివరికి జరిగారు. అప్పుడు కూచుని అడిగాను. గంటసేపటికి, ముక్కలు ముక్కలుగా, విషయం బయటికొచ్చింది.

ఆవిడకొక పద్ధతి ఉంది. ఎవరింట్లో మంచినీళ్ళు తాగినా ఆ ఇంటి మనిషి పేరు పుస్తకంలో రాసుకునేవారు. ఒకసారి రాస్తే ఇక కొట్టివేత లేదు. రోజూ తెల్లారుజామున లేచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కో పేరూ చదివి ఒక్కో మాట ప్రార్థన. కులం లేదు, మతం లేదు, నీళ్ళిచ్చారా లేదా అంతే. ఇరవై రెండేళ్ళలో ముప్పై రెండు పేజీలయ్యాయి. పేజీకి పన్నెండు పేర్లు, చివరి పేజీలో అయిదు. నేను అక్కడే లెక్క కట్టాను, మూడు వందల డెబ్భై ఏడు. పేరుకు ఇరవై సెకన్లు చొప్పున రెండు గంటల అయిదు నిమిషాల నలభై సెకన్లు.

మే 14 గురువారం సాయంత్రం ఎవరింట్లోనో పనసతొనలు పెట్టారు. తిని, కొత్త పేరు రాయడానికి పుస్తకం తీశారు. పనసపాలు చేతికంటితే సబ్బుకి పోదని మనకందరికీ తెలుసు. పద్నాలుగో పేజీ, పదిహేనో పేజీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. శుక్రవారం తెల్లారుజామున ఆవిడ ఆ రెండూ దాటేసి చదివేశారు. ఇరవై నాలుగు పేర్లు. శనివారం చూసుకుని, కొబ్బరినూనె రాసి విడదీసి, అన్నీ చదివారు. ఆదివారం చర్చికి వస్తుంటే దారిలో ఎవరో అన్నారు, కొబ్బరికాయలు కోసే దింపు మనిషి చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడని. పదిహేనో పేజీలో ఏడో పేరు అతనిది. ఏ రోజు పడ్డాడో వాళ్ళు చెప్పలేదు, ఈవిడ అడగలేదు. శుక్రవారమే అని ఆవిడకు ముందే తెలిసిపోయింది.

"నేనే పడేసేనండి," అన్నారు బైబిలమ్మ గారు. "మిగతా ఇరవై ముగ్గురికీ ఏమైందో ఇంకా తెలీదు. పుస్తకం తెరవాలంటే చేతులు వణుకుతున్నాయండి. మళ్ళీ ఎవర్ని దాటేస్తానో."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇంకో నర్సు అయితే ఆవిడ చెయ్యి పట్టుకుని ఓదార్చేది. నేను కాగితం, పెన్సిలు తీశాను. పేర్లు ఎక్కువైపోవడమే రోగం కనుక పేర్లు విడగొట్టడమే మందు అనుకున్నాను. మూడు వందల డెబ్భై ఏడుని ఏడుతో భాగిస్తే సరిగా రాదు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు యాభై నాలుగు, ఆదివారం యాభై మూడు. గీతలు గీసి, పట్టిక వేసి, మంగళవారం ఉదయం ఆవిడ చేతికిచ్చాను. చాలా అందంగా వచ్చింది ఆ పట్టిక. ఆవిడ కిందికీ పైకీ రెండుసార్లు చూశారు.

"సోమవారం వాళ్ళకి మంగళవారం ఏమైనా అయితేనండీ?"

నేను పట్టిక మళ్ళీ చూసుకుంటుంటే ఆవిడ ఇంకో ప్రశ్న వేశారు. ఆదివారం వాళ్ళు ఒకరు తక్కువ కదా, ఆ ఒక్కరూ ఎవరు అని. ఆ రోజు అంతకు ముందు తాగుతున్న గంజి కూడా మానేశారు. నా పట్టిక వల్ల తగ్గిన బరువు, బుధ గురువారాలు కలిపి, ఎనిమిది వందల గ్రాములు.

గురువారం 28న ఆవిడ తమ్ముడు కొత్తపేట నుంచి వచ్చాడు. డాక్టరమ్మ గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. బరువు నలభై ఆరున్నరకు దిగింది, ఇక్కడ మా చేతిలో లేదు, సోమవారం దాకా చూసి విశాఖపట్నం తీసుకెళ్ళడం మంచిది అని. మనసు జబ్బులకి పెద్ద డాక్టర్లు అక్కడే ఉండేవారు. డాక్టరమ్మ గారి మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ రోజుల్లో మా ప్రాంతంలో 'విశాఖపట్నం పంపారు' అంటే అర్థం ఒకటే, పిచ్చి. అలా వెళ్ళొచ్చిన మనిషిని ఇక ఏ ఇంటివాళ్ళూ పిలిచి ప్రార్థన చేయించుకోరు. ఉద్యోగం పోతుంది, ఒంటి గది పోతుంది, మూడు వందల డెబ్భై ఏడు గుమ్మాలు మూసుకుంటాయి. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. తమ్ముడు టాక్సీ మాట్లాడి వస్తానని వెళ్ళాక, గోడవైపు తిరిగి పడుకున్నారు.

శనివారం 30న, ఉదయం తొమ్మిదింపావుకి దింపు మనిషి వచ్చాడు.

వచ్చింది ఆవిడ కోసం కాదు. విరిగిన చేతికి మేం వేసిన కట్టులో దురద పుడుతోందని కొబ్బరి ఈనె దూర్చి గోక్కుంటే అది విరిగి లోపలుండిపోయిందట. అంతకుముందు దూర్చినవి కూడా. పట్టకారుతో లాగితే మొత్తం నాలుగు వచ్చాయి. నాలుగింటినీ వరసగా ట్రేలో పెట్టాను. కట్టు సరిచేశాక అతన్ని కదలనివ్వలేదు. నీ వల్ల ఒక మనిషి చచ్చిపోయేలా ఉంది, వచ్చి నేను బాగానే ఉన్నానని చెప్పు, అని రెక్క పట్టుకుని, మంచి చేతి రెక్కే, వార్డులోకి తీసుకెళ్ళాను.

అతనికి సంగతంతా మంచం దగ్గర నిలబెట్టి చెప్పాను. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గాభరా పడ్డాడు.

"నా పేరు మీ పుస్తకంలో ఎందుకుందండీ?"

"ఒకసారి బొండం కొట్టిచ్చేవు నాయనా. ఎండలో వస్తుంటే," అన్నారు బైబిలమ్మ గారు గోడవైపు నుంచే.

"అది పెళ్ళి కాకముందండి. పద్దెనిమిదేళ్ళయింది." వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. "ఒక్క బొండానికి అప్పట్నించీ రోజూనా అండీ?"

"రోజూ. ఆ ఒక్క రోజే తప్పింది. నువ్వు చెట్టు మీంచి పడ్డావు."

అతను నా వైపు చూశాడు. ఆయమ్మ వైపు చూశాడు. తలుపు దగ్గరగా వేయమన్నాడు. వార్డులో ఇంకో ఆరుగురు రోగులు ఉన్నారని ఆయమ్మ గుర్తుచేసింది. గొంతు తగ్గించాడు. ఆరుగురూ తలలెత్తారు.

"చెట్టు మీంచి పడలేదండి."

"మరి?" అన్నాను నేను. రిజిస్టరులో 'చెట్టు మీంచి' అని రాసింది నేనే.

"అరుగు మీంచండి. మధ్యాహ్నం కాస్త కల్లు తాగి మా అరుగు మీద పడుకుంటే దొర్లేనండి. మూడడుగులు ఉంటదంతే. ఇరవయ్యేళ్ళ నుంచి చెట్లెక్కుతున్నాను, ఒక్కనాడు జారలేదు. అరుగు మీంచి పడ్డానని తెలిస్తే నన్నింకెవరు దింపుకి పిలుస్తారండీ? మా ఆవిడక్కూడా చెట్టనే చెప్పేను. మీకు దణ్ణం పెడతాను, బయటికి చెప్పకండి."

మంచాల్లో ఉన్న ఆరుగురూ 'చెప్పం' అన్నట్టు తలలాడించారు. అయిదో మంచం ఆవిడ దుప్పటి నోట్లో కుక్కుకుంది. సాయంత్రానికి అంబాజీపేట దాకా తెలిసిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

నాకు ప్రాణం లేచొచ్చింది. విన్నారా, మీ ప్రార్థన తప్పడం వల్ల కాదు, కల్లు వల్ల, అని బైబిలమ్మ గారికి చెప్పాను. ఆవిడ ఇటు తిరిగారు. కళ్ళల్లో ఏ మార్పూ లేదు.

"అరుగు మీంచి పడ్డా చెయ్యి విరిగింది కదండీ. అదీ నేను దాటేసిన శుక్రవారమే కదండీ."

మనసుకి పట్టిన భయం ఎంత చదువుకున్నదో ఆ రోజు నాకు తెలిసింది. చెట్టు తీసేస్తే అరుగు ఎక్కి కూచుంది.

"శుక్రవారమేనా?" అని దింపు మనిషిని అడిగాను.

"కల్లు తాగినోడికి వారాలేం గుర్తుంటాయండీ. మీరు రాసుకున్నారు కదండీ ఆ పుస్తకంలో."

అవును. రాసుకున్నాను. పరుగెత్తి వెళ్ళి రిజిస్టరు తెచ్చాను. ఉద్యోగంలో నేను పరుగెత్తిన సందర్భాలు తక్కువ. పేజీలు తిప్పి, అతని పేరు మీద వేలు పెట్టి, పైనున్న తారీఖు అందరికీ వినపడేలా చదివాను. పదహారు. పడ్డ రోజే అతను మా దగ్గరికి వచ్చాడు, పదహారంటే శనివారం. శనివారం తెల్లారుజామున ఆవిడ మొత్తం పుస్తకం చదివారు, పదిహేనో పేజీతో సహా. అంటే అతను పడింది ప్రార్థన అందిన రోజే. ఇక ఆవిడ తప్పు ఎక్కడ? నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. లెక్క అంత శుభ్రంగా తేలడం నా ఉద్యోగంలో అరుదు.

బైబిలమ్మ గారు లేచి కూచున్నారు.

"అయితే నేను ప్రార్థన చేసినా పడ్డాడా?"

దింపు మనిషి చల్లగా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పది రోజులుగా మంచం మీదున్న మనిషికి ఒక్క శుక్రవారం పోయిందన్న బాధ ఉండేది. నేను శ్రమపడి, రుజువులు చూపించి, ఇరవై రెండేళ్ళు పోగొట్టాను.

"ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వండి," అన్నారు ఆవిడ.

ఇచ్చాను. రిజిస్టరు రోగుల చేతికి ఇవ్వకూడదు. అది కూడా ఒప్పుకుంటున్నాను. ఆవిడ రెండు వారాల తరవాత మొదటిసారి ఒక పుస్తకం ముట్టుకున్నారు. పేర్ల జాబితా చదవడం అలవాటైన మనిషి కదా, వేలు పెట్టి ఒక్కో పేజీ తిప్పుతున్నారు. మే నెల మొదటి నుంచీ. పెదవులు కదులుతున్నాయి. అలా తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పి, వేళ్ళకి ఏమైనా అంటుకుందేమోనని చూసుకున్నారు. పేజీల అంచులు నలిపి చూశారు.

"అంటుకోలేదు," అన్నారు తనలో తాను. తరవాత నా వైపు తలెత్తి, ఎంతో మర్యాదగా అడిగారు. "సిస్టరు గారూ, ఈ ఆసుపత్రిలో మంగళవారం ఏదండీ?"

"ఏ మంగళవారం?"

"పదకొండు ఉంది, పదమూడు ఉంది. పన్నెండు లేదండి. పన్నెండు మంగళవారం కదా. పదహార్లు మాత్రం రెండున్నాయి."

నేను నవ్వాను. నా రిజిస్టరులో తారీఖు లేకపోవడమా అని. పుస్తకం తీసుకుని చూశాను. పదకొండు. పదమూడు. పద్నాలుగు, పదిహేను, పదహారు. మళ్ళీ పదహారు. పన్నెండో తారీఖు లేదు. అన్నిటి కింద డాక్టరమ్మ గారి సంతకం. వెళ్ళి ఆవిడ మంచం మీదే కూచున్నాను. అది కూడా కూడదు.

అప్పుడు ఆయమ్మ చీపురు గోడకి ఆనించి ముందుకొచ్చింది.

"ఆ రోజు బుట్టలో రెండు కాగితాలొచ్చేయండి, ఆయ్. ఒకదానికొకటి అంటుకునున్నాయి. రోజూ ఒకటే వస్తాది కదా. సిస్టరు గారు రెండు చింపేసేరని అప్పుడే అనుకున్నాను."

"మరి చెప్పలేదేం ఆయమ్మా?"

"ముందు నెలలో గడియారం ఆగిందని చెప్తే, నువ్వే ముట్టుకున్నావని గంటసేపు కోప్పడ్డారు కదండీ. ఇంక మంగళవారం పోయిందని ఎలా చెప్పమంటారు? ఆదివారం చర్చికెళ్తే బయటపడిపోతాది కదా, ఆలోపల సర్దేద్దాం అనుకున్నాను. శనివారం పొద్దున్న మీకంటే ముందొచ్చి, ఇవాళ్టిది నేను చింపేసేనండి అని అబద్ధం చెప్పి ఊరుకున్నాను. దాంతో సరిపోయింది."

గుర్తొచ్చింది. ఆ శనివారం క్యాలెండరు ముట్టుకున్నందుకు కూడా పది నిమిషాలు కోప్పడ్డాను.

అంటే మంగళవారం నుంచి శుక్రవారం దాకా మా ఆసుపత్రి మొత్తం లోకం కంటే ఒకరోజు ముందు నడిచింది. గురువారం సూది మందులు బుధవారమే పొడిచాం. శుక్రవారం ఇంటికి వెళ్ళాల్సిన ఆపరేషను మనిషిని గురువారమే పంపేశాం. ఆయన పొలం వెళ్ళి పని చేసుకుంటున్నాడని తరవాత తెలిసింది. వారానికోసారి బుధవారం రోగులకి పెట్టే గుడ్డు ఒక్కటే రోజు తప్పలేదు. మీరేం రాసుకున్నా నేను మాత్రం బుధవారమే పెట్టేనండి, అంది ఆయమ్మ.

దింపు మనిషి శ్రద్ధగా వింటున్నాడు. అతని పేరున్నది మొదటి పదహారు కింద. "అయితే నేను పడింది శుక్రవారమేనన్నమాటండి," అన్నాడు, పోయిన వస్తువు దొరికినట్టు.

ఆ మాటతో బైబిలమ్మ గారికి మళ్ళీ భయం మొదలవుతుందని నేను నాడి కోసం చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వణుకుతోంది. ఏడుస్తున్నారనుకున్నాను. తలవంచి చూస్తే నవ్వు. చప్పుడు లేకుండా మొదలై, భుజాలకెక్కి, దగ్గులోకి దిగి, ఆయాసమై, చివరికి వార్డంతా వినపడేంత నవ్వు. అయిదో మంచం ఆవిడ ఇక ఆపుకోలేక దుప్పటి వదిలేసింది.

"మీరూ రెండు తిప్పేసేరా సిస్టరు గారూ," అన్నారు బైబిలమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ. "మీ పేరు నా పుస్తకంలో ఇరవయ్యో పేజీలో ఉందండి, మూడో వరస. ఆ మంగళవారం పొద్దున్న మీ పేరు మీద బాగా ప్రార్థన చేసేను. నాకు గుర్తే. అయినా రెండు చింపేసేరు."

"ఆ వారం ఎంతమంది వచ్చేరండీ ఆసుపత్రికి?" అని అడిగారు మళ్ళీ.

ఇది నాకు నచ్చే ప్రశ్న. మంగళవారం నుంచి శనివారం దాకా కూడి చెప్పాను. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, నలభై ఏడు, నలభై నాలుగు, మళ్ళీ నలభై నాలుగు. మొత్తం రెండు వందల పద్నాలుగు.

"ఎవరైనా పోయేరా?"

"లేదు."

ఆవిడ కిటికీ వైపు తిరిగి మెల్లిగా అన్నారు. "ఆ మంగళవారం మన చేతిలో లేదు. అయినా అందరూ బతికే ఉన్నారు. మరి ఎవరు చూసుకున్నారంటారు?"

దింపు మనిషి ఆయమ్మ వైపు చూశాడు. ఆయమ్మ, గుడ్డు పెట్టిన మనిషి కనుక, కొంత తనే చూసుకున్నట్టు నిలబడింది.

"మరి నా ప్రార్థన దేనికండీ?" అన్నారు బైబిలమ్మ గారు. అయితే ఈసారి భయంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

"బొండం ఇచ్చినోడిని పద్దెనిమిదేళ్ళు ఎవరు గుర్తెట్టుకుంటారండీ," అంది ఆయమ్మ. "గంజి తెమ్మంటారా?"

"గంజి వద్దు. గుడ్డుందా?"

ఆ రోజు శనివారం. గుడ్డు బుధవారం. పన్నెండేళ్ళుగా నేను ఆ నియమం ఎవరి కోసమూ తప్పలేదు. ఆయమ్మ నా మొహం వైపు చూసింది. రెండు తెమ్మన్నాను.

సోమవారం టాక్సీ వచ్చింది. డాక్టరమ్మ గారు ఆవిడని మళ్ళీ పరీక్షించి, రెండు రాత్రులుగా నాలుగైదు గంటల చొప్పున నిద్ర, బరువు నాలుగు వందల గ్రాములు ఎక్కువ అని చూసి, ప్రయాణం ఆపేశారు. తమ్ముడు ఖాళీ టాక్సీతో వెళ్ళడం ఇష్టంలేక రెండు పనసకాయలు వేసుకుని వెళ్ళాడు. నవ్వు వల్లే తగ్గిందని నేను రాయను. అర బిళ్ళ మరో మూడు నెలలు వేశాం, చేపలావిడ వారానికి రెండుసార్లు వచ్చి కాళ్ళు పట్టేది, ఆగస్టులో ఒకసారి చేతుల వణుకు మళ్ళీ వచ్చి పది రోజులుండి పోయింది. వీటిలో ఎవరి వాటా ఎంతో భాగించడానికి ప్రయత్నించాను. సరిగా రాలేదు. ఈ ఒక్క లెక్కా అలాగే వదిలేశాను.

రిజిస్టరు సంగతి డాక్టరమ్మ గారికి నేనే చెప్పాను. శిక్ష ఏమైనా వేస్తారని నిలబడ్డాను. ఆవిడ, దిద్దితే ఇంకా గందరగోళం అవుతుంది, పక్కన ఏదైనా ఒక ముక్క రాసి పెట్టండి అన్నారు. ఎర్ర సిరాతో పదకొండో తారీఖు కింద రాశాను. '12-5-81, మంగళవారం. తప్పిపోయినది. 30-5-81న దొరికినది.' కింద ఆవిడ సంతకం పెట్టారు. ఈసారీ చదవలేదు.

బైబిలమ్మ గారు జూన్ చివర్లో పనిలోకి వెళ్ళారు. పుస్తకం మానలేదు. దింపు మనిషి పేరు పక్కన 'అరుగు' అని చిన్న అక్షరాలతో రాసుకున్నారు. కానీ వారానికి ఒక రోజు, మంగళవారం, పుస్తకం తెరవకుండా కళ్ళు మూసుకుని 'అందరూ' అని ఒక్క మాట అని, మళ్ళీ పడుకునేవారు. మొదట్లో ఆ ఒక్క మాట తరవాత నిద్ర పట్టేది కాదట. తరవాత తరవాత ఆరు దాటినా లేచేవారు కాదు. నన్ను కూడా అలాగే చెయ్యమని చాలాసార్లు చెప్పారు.

నేను అంత దూరం వెళ్ళలేను. కానీ మా ఇంట్లో ఇప్పటికీ రోజుకో కాగితం చింపే క్యాలెండరే ఉంది. మంగళవారం దాన్ని ముట్టుకోను. బుధవారం ఉదయం రెండు కాగితాలు కలిపి చింపుతాను. రెండే ఉన్నాయో లేదో లెక్కపెట్టి మరీ.